ముందు భాగం మార్పించాక ఎడమ హెడ్‌లైట్ గుడ్డిగా వెలుగుతోంది, ఇండికేటర్ వేస్తే ఇంకా తగ్గుతోంది

బత్తాయి బండి (చండూరు):

అన్నలారా, నమస్తే. నాది బొలెరో పికప్. చండూరు, గుర్రంపోడు వైపు తోటల్లో బత్తాయి ఎత్తుకొని బాటసింగారం మార్కెట్‌కు వేస్తుంటాను. కాయ తెంపి, లోడు కట్టి బయలుదేరేసరికి నడిరాత్రి అవుతుంది. మునుగోడు మీదుగా పోయి చౌటుప్పల్ దగ్గర హైవే ఎక్కేదాకా మన లైట్లే దిక్కు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నా, ఓపికగా చదవండి.

మొన్న వడ్ల సీజన్‌లో ఒక ఊరి బయట రోడ్డు మీద వడ్లు ఆరబోసి, రాత్రికి కుప్ప చేసి నల్ల పట్టా కప్పారు. చుట్టూ బండరాళ్లు. ఎదురుగా లారీ అప్పర్ లైటుతో (దూరం కొట్టేదానితో) వస్తోంది. ఆ వెలుగులో నల్ల పట్టా ఏం కనబడుతుంది? ఎడమ పక్క రాళ్ల మీదికి పోయింది బండి. మనుషులకు ఏమీ కాలేదు. బంపర్, గ్రిల్, ఎడమ హెడ్‌లైట్ డూమ్ (బల్బు కూర్చునే అద్దపు డబ్బా), ఎడమ ఫెండర్, రేడియేటర్ ముందుండే ప్యానెల్ పోయాయి. అన్నీ మార్పించా. టింకరింగ్, పెయింటింగ్ ఫినిషింగ్ మాత్రం మంచిగా చేశారు, ఆ మాట అనాలి.

లైట్ల సంగతే తేలడం లేదు. డిమ్ (దగ్గరికి పడే లైటు) వేస్తే కుడిది మామూలుగా తెల్లగా వెలుగుతుంది. ఎడమది నూనె అయిపోయిన లాంతరు లెక్క ఎర్రగా ఉంటుంది. డిమ్‌లోనే ఉన్నా మీటర్‌లో అప్పర్ నీలం గుర్తు సన్నగా వెలుగుతోంది. అప్పర్ వేసినా ఎడమది అంతే. హెడ్‌లైట్ వెలుగుతుండగా ఎడమ ఇండికేటర్ వేస్తే, అది కొట్టుకున్నప్పుడల్లా హెడ్‌లైట్ ఇంకాస్త తగ్గుతుంది. లైట్లన్నీ ఆపి ఒక్క ఇండికేటరే వేస్తే పక్కన పార్కింగ్ బల్బు కూడా దానితో పాటు మినుకుమంటుంది. కుడి పక్క ఇలాంటివేమీ లేవు.

ఫ్యూజులు చూశాను, బాగున్నాయి. కుడి బల్బు తీసి ఎడమకు, ఎడమది కుడికి పెట్టి చూశాను. జబ్బు ఎడమ పక్కనే ఉంది, బల్బుతో పాటు కుడికి రాలేదు. షెడ్డులో అడిగితే మొదట డూమ్ లోకల్‌ది అన్నారు, ఇప్పుడేమో ముందు వైరింగ్ మొత్తం మార్చాలంటున్నారు. వైరింగ్ అంటే డబ్బు సంగతి అటుంచి, బండి మూలకు పడితే కాయ చెట్టు మీదే ఉంటుంది. డూమ్ మార్చాలా, వైరింగ్ మార్చాలా? తెలిసినవాళ్లు చెప్పండి.


హైవే కింగ్ (సూర్యాపేట):

బ్రో, ఈ పసుపు బల్బుల కాలం పోయింది. ఎల్‌ఈడీ కిట్ వేయించు, పగలు లెక్క ఉంటది. లేదంటే 100/90 వాట్ల బల్బులు పెట్టు. రెండూ నేను వాడిన, నైట్ డ్రైవింగ్‌లో టెన్షన్ ఉండదు.


పాలమూరు వైరింగ్ షెడ్డు (మహబూబ్‌నగర్):

తమ్ముడూ, డూమ్ కొనకు. వైరింగ్ జోలికి అసలే పోకు. డిమ్‌లో ఉండగా నీలం గుర్తు వెలుగుతోందన్నావు చూడు, అక్కడే దొంగ దొరికిపోయాడు. నీ బండికి ఎడమ పక్క ఎర్త్, అంటే కరెంటు బాడీ గుండా బ్యాటరీ మైనస్‌కు తిరిగిపోయే దారి, అందడం లేదు.

ఎందుకు అంత గట్టిగా చెబుతున్నానంటే, హెడ్‌లైట్‌లో పెట్టే హెచ్4 బల్బుకు మూడు కాళ్లు. ఒకటి డిమ్‌కు, ఒకటి అప్పర్‌కు, మూడోది రెండింటికీ ఉమ్మడి. మామూలు 12 వోల్టుల బల్బులో డిమ్ ఫిలమెంటు (వెలిగే తీగ) 55 వాట్లు, అప్పర్ 60. డిమ్ వేస్తే కరెంటు ఆ ఫిలమెంటు దాటి ఉమ్మడి కాలికి వస్తుంది, అక్కడి నుంచి నల్ల వైరు పట్టుకొని బాడీలోకి దిగాలి. దిగే దారి మూసుకుపోతే ఏం చేస్తుంది? అదే బల్బులో ఉన్న అప్పర్ ఫిలమెంటులోకి వెనక నుంచి దూరుతుంది. అప్పర్ వైరు పట్టుకొని కుడి డూమ్‌కు పోయి, అక్కడి అప్పర్ ఫిలమెంటు గుండా కుడి పక్క ఎర్త్‌లో దిగుతుంది. మీటర్‌లో నీలం బల్బు కూడా ఆ అప్పర్ వైరు మీదే ఉంది కాబట్టి దానికీ కాస్త వాటా అందుతుంది. ఇట్లా మూడు ఫిలమెంట్లు ఒకే వరసలో పడితే 12 వోల్టులు మూడు పాళ్లయి, ఒక్కోదానికి నాలుగు దాకా దక్కుతాయి. నాలుగు వోల్టులతో ఎర్రగా కాక ఎట్లా వెలుగుతుంది? కుడి డూమ్‌లో కూడా అప్పర్ ఫిలమెంటు ఆ టైంలో సన్నగా వెలుగుతూనే ఉంటుంది, డిమ్ వెలుతురు ముందు నీకు కనబడదంతే.

ఇండికేటర్ కథా ఇదే. ఆ పక్క ఇండికేటర్, పార్కింగ్, హెడ్‌లైట్ మూడింటి నల్ల వైర్లూ ఒకే చోట బాడీకి బిగిస్తారు. అక్కడ దారి ఇరుకైతే ఇండికేటర్ వెలిగిన ప్రతిసారీ దాని 21 వాట్ల కరెంటు కూడా అదే సందులో తోసుకుంటుంది, హెడ్‌లైట్ తగ్గుతుంది. హెడ్‌లైట్ ఆపి ఉంటే పార్కింగ్ బల్బులో నుంచి బయటపడుతుంది. అందుకే అది మినుకుమంటోంది.

ఇంతకుముందు లేనిది ఇప్పుడెందుకు వచ్చిందంటే, కొత్త ప్యానెల్ కాబట్టి. ప్రైమర్, దాని మీద రంగు, దాని మీద రంగులేని క్లియర్ పూత. ఎర్త్ రింగును తెచ్చి ఆ నున్నటి రంగు మీదే పెట్టి బోల్టు బిగిస్తారు. రంగు కరెంటును పోనివ్వదు. బోల్టు మరల నుంచి కొద్దిగా అందుతుంది, మరల్లో కూడా రంగు కూరుకుపోతే అదీ లేదు. టింకరింగ్ నుంచి వచ్చిన బండి లైటు కంప్లయింట్‌తో మా దగ్గరికి వస్తే నేను బల్బు కంటే ముందు చూసేది ఆ బోల్టునే. పెయింటర్‌ను తిట్టి లాభం లేదు. రంగు అందంగా రావడం వరకే అతని పని. ఎలక్ట్రీషియన్‌ను పిలిచేసరికి బంపర్ ఎక్కి ఉంటుంది, మళ్లీ విప్పుదామంటే ఎవరికీ మనసొప్పదు.

నమ్మకం కోసం ఇట్లా చూడు. డూమ్ వెనక రబ్బరు లాగి, హోల్డర్ పీకు. టెస్ట్ ల్యాంప్ ఒక కొస బ్యాటరీ మైనస్‌కు కట్టి, రెండో కొసతో హోల్డర్‌లోని మూడు కాళ్లూ తాకి చూడు. డిమ్ వేస్తే ఒక కాలి మీద, అప్పర్ వేస్తే ఇంకో కాలి మీద వెలగాలి. రెండింటికీ వెలగని మూడోదే నీ ఎర్త్. వైరు రంగు చూసి మాత్రం నమ్మకు. ఈ జాగ్రత్త ఎందుకంటే కొన్ని బండ్లలో, ముఖ్యంగా జపాన్ డిజైన్లు కొన్నింటిలో, ఉమ్మడి కాలికే ప్లస్ వస్తుంది, డిమ్ అప్పర్ స్విచ్ మైనస్ వైపు పనిచేస్తుంది. అలాంటి దాంట్లో తెలియక మైనస్ వైరు పెడితే ఫ్యూజు ఎగిరిపోతుంది.

మూడో కాలు తేలాక హోల్డర్ మళ్లీ బల్బుకు పెట్టి లైటు వేయి. బ్యాటరీ మైనస్ నుంచి ఒక పొడుగు వైరు తెచ్చి, హోల్డర్ వెనక నుంచి ఆ మూడో కాలికి తాకించు. ఎడమ లైటు ఒక్కసారిగా తెల్లబడి, మీటర్‌లో నీలం గుర్తు ఆరిపోతే ఇక అనుమానం లేదు.

మల్టీమీటర్ ఉంటే ఇంకా మంచిది, కానీ వాడే తీరు తెలియాలి. హోల్డర్ పీకేసి, ఖాళీ కాళ్ల మీద మీటర్ పెట్టి 12 వోల్టులు చూసి ఎర్త్ బాగానే ఉందనుకొని చాలామంది మోసపోతారు. మీటర్ పనిచేయడానికి కరెంటు దాదాపు అక్కరలేదు, రంగు సందులో నుంచి కారేది దానికి చాలు. 55 వాట్ల ఫిలమెంటుకు నాలుగున్నర ఆంపియర్లు కావాలి. కాబట్టి బల్బు వెలుగుతుండగానే కొలవాలి. నల్ల ప్రోబు బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర ప్రోబు హోల్డర్ ఎర్త్ కాలి మీద. 0.2 వోల్టు లోపు ఉంటే ఆ దారి బాగున్నట్టు. ఒకటి, రెండు, ఐదు అని చూపిస్తే అన్ని వోల్టులు బల్బుకు అందకుండా దారిలోనే పోతున్నట్టు. ఇదేమీ చిన్న నష్టం కాదు. హాలోజన్ బల్బుకు పది శాతం వోల్టేజి తగ్గితే వెలుతురు ముప్పై శాతం దాకా పడిపోతుంది.

రిపేరు అంటావా, బోల్టు విప్పి, రింగు కూర్చునే మేర రంగు గీకి తెల్లటి ఇనుము తేల్చు. నేను హాక్సా బ్లేడు విరిగిన ముక్క వాడతాను, మూలల్లోకి బాగా పోతుంది. రింగును రెండు పక్కలా ఎమరీ పేపర్‌తో రుద్దు. పళ్ల వాషర్ వేసి బిగించు. బిగించాక పైన గ్రీజు గానీ వాజిలీన్ గానీ దట్టంగా పూయి. పూయకపోతే గీకిన చోట తుప్పు పట్టి వచ్చే వానాకాలానికి మళ్లీ ఇదే పోస్టు పెడతావు.

సూర్యాపేట తమ్ముడికి ఒక మాట. ఎర్త్ లేని చోట ఎల్‌ఈడీ పెట్టినా అదీ మినుకుమంటుంది. పైగా ఆ డూమ్ లోపలి అద్దం ఫిలమెంటు ఉండే చోటును లెక్కబెట్టి చేసింది. ఎల్‌ఈడీలో వెలుగు పుట్టే చోటు, ఆకారం వేరు. వెలుతురు చెదిరి ఎదుటివాడి కళ్లలో పడుతుంది. ఇతను వడ్ల కుప్ప మీదికి ఎందుకు పోయాడో పైన చదివావు కదా. 100/90 అంటే ఒక్కో బల్బు అప్పర్‌లో ఎనిమిది ఆంపియర్లకు పైనే లాగుతుంది. కంపెనీ వైరు, స్విచ్ మామూలు బల్బు లాగే ఐదు ఆంపియర్లను లెక్కబెట్టి వేసినవి. రిలే (పెద్ద కరెంటును వేరే దారిలో పంపే స్విచ్) లేకుండా పెడితే హోల్డర్ కరుగుతుంది. కరిగిన హోల్డర్లు మా షెడ్డులో ఒక డబ్బా నిండా ఉన్నాయి.


హైవే కింగ్ (సూర్యాపేట):

సరే అన్నా, ఎర్త్ సంగతి ఒప్పుకుంటా. కానీ ఎల్‌ఈడీ తెలుపే వేరు.


పాలమూరు వైరింగ్ షెడ్డు (మహబూబ్‌నగర్):

తెలుపు నీకు, మంట ఎదుటోడికి.


బత్తాయి బండి (చండూరు):

పాలమూరు అన్నా, దండం పెట్టాలె నీకు. మా బామ్మర్ది ఇళ్లకు వైరింగ్ చేస్తాడు, వాని మీటర్ తెచ్చి చూశాం. డిమ్ వెలుగుతుండగా ఎర్త్ కాలి మీద 7.9 వోల్టులు! నువ్వు చెప్పినట్టు బ్యాటరీ మైనస్ నుంచి వైరు తాకించగానే భగ్గుమని వెలిగింది, నీలం గుర్తు ఆరింది. బామ్మర్ది అయితే వైరు పెట్టి తీసి, పెట్టి తీసి సినిమా చూపించాడు.

బోల్టు వెతకడానికే ఎక్కువ సేపు పట్టింది. ఎడమ ఫెండర్ లోపలి వైపు, ప్యానెల్ కలిసే చోట ఉంది. గ్రిల్ తీస్తే గానీ చెయ్యి పోలేదు. మూడు నల్ల వైర్లు ఒకే రింగులో ఉన్నాయి. రింగు కింద చూస్తే బండి రంగే, ఒక్క గీత పడలేదు, అద్దంలా మెరుస్తోంది. గీకి, పళ్ల వాషర్ వేసి బిగించాం. ఇప్పుడు 0.06 చూపిస్తోంది. ఇండికేటర్, పార్కింగ్ కూడా దారికొచ్చాయి. హారన్ కూడా గట్టిగా మోగుతున్నట్టుంది, అది నిజమో నా సంబరమో తెలియదు.

ఇక మిగిలింది ఒకటి. లైటు బాగా వెలుగుతోంది కానీ ఎడమది రోడ్డు మీద కాకుండా వేప చెట్ల కొమ్మల మీద పడుతోంది. డిమ్‌లోనే పోతున్నా ఎదురుగా వచ్చేవాళ్లు డిప్పర్ కొడుతున్నారు. డూమ్ వెనక స్క్రూ తిప్పి కిందికి దించితే దగ్గరి రోడ్డు కూడా చీకటైపోతోంది. లోకల్ డూమ్ అయినందుకేనా ఇది?


పాత డిపో మనిషి (నల్గొండ):

బిడ్డా, నేను ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైనవాడిని. స్క్రూ ముట్టుకునే ముందు బల్బు సరిగ్గా కూర్చుందో లేదో చూడు. బల్బు ఇటు అటు మార్చి చూశానన్నావు కదా, నా అనుమానం అక్కడుంది. హెచ్4 బల్బు కాలర్‌కు మూడు రెక్కలుంటాయి. అందులో ఒకటి వెడల్పుది. అది పైకి ఉండాలి. కంపెనీ డూమ్‌లో తప్పుగా పెడితే పట్టదు, కొన్ని లోకల్ డూముల్లో గాళ్లు వదులుగా ఉండి ఎట్లా పెట్టినా స్ప్రింగు క్లిప్పు పట్టేస్తుంది. డిమ్ ఫిలమెంటు కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది, కింది వైపు పోయే వెలుగును ఆపేది అదే. బల్బు తిరిగి కూర్చుంటే ఆ దొప్ప పక్కకు తిరుగుతుంది, ఆగాల్సిన వెలుగు డూమ్ లోపలి అద్దానికి తగిలి చెట్ల మీదికి పోతుంది. ఎన్ని స్క్రూలు తిప్పినా అది సర్దుకోదు.

బల్బు సరిచేశాక ఫోకస్ పెట్టుకో. సాపుగా ఉన్న జాగాలో, గోడకు లైట్లు పది మీటర్ల దూరంలో ఉండేట్టు బండిని ఎదురుగా ఆపు. రైస్ మిల్లు గోడ గానీ బడి గోడ గానీ చూసుకో. టైర్లలో గాలి సమానంగా ఉండాలి. నీది పికప్ కాబట్టి ఇంకో సంగతి, ఖాళీ బండితో ఫోకస్ పెడితే పనికిరాదు. లోడు పడగానే వెనక కుంగుతుంది, ముక్కు లేస్తుంది, లైటు ఆకాశానికి పోతుంది. నువ్వు రాత్రి తిరిగేది కాయతోనే గనక లోడుతోనే పెట్టు. లోపల లైటు ఎత్తు తగ్గించే నాబ్ ఉన్న బండి అయితే ఖాళీగా, నాబ్ సున్నాలో పెట్టి సరిచేసుకొని, లోడప్పుడు తిప్పుకుంటే సరిపోతుంది.

నేల నుంచి డూమ్ మధ్య దాకా ఎంత ఎత్తుందో టేపుతో కొలిచి గోడ మీద సుద్దతో గీత గీయి. డిమ్ వెలుతురు పై అంచు ఆ గీతకు పది సెంటీమీటర్లు కిందికి రావాలి. ఒక్కో లైటు చూసేటప్పుడు రెండోదానికి గోనెసంచి కప్పు. ఆ అంచు మొత్తం సాపుగా ఉండదు. మనం ఎడమ పక్కన నడుస్తాం కాబట్టి ఎడమ చివర కొంచెం పైకి లేచి ఉంటుంది, రోడ్డు పక్కన నడిచే మనిషి, ఆగిన ఎడ్ల బండి, నువ్వు చూసిన ఆ బండరాళ్లు కనబడాలని. కుడి పక్క మాత్రం గీత కిందే సాపుగా ఉండాలి. కుడి పక్క లేస్తే ఎదుటివాడికి గుడ్డితనమే. ఫిట్‌నెస్‌కు పోయినప్పుడు కూడా హెడ్‌లైట్ చూస్తారు. సరుకు బండికి ఎనిమిదేళ్లు దాటితే ఏటేటా పోవాల్సిందే కాబట్టి ఇది ఎట్లాగూ తప్పదు.

కుప్ప చుట్టూ రాళ్లు పెట్టేవాళ్లకు ఎన్ని ఏండ్ల నుంచి చెబుతున్నారో. వాళ్లు మాత్రం ఏం చేస్తారు, కల్లాలు లేవు, మార్కెట్‌లో జాగా లేదు. కనీసం పట్టా మీద నాలుగు మెరిసే స్టిక్కర్లు అంటించినా బాగుండు.


బత్తాయి బండి (చండూరు):

పెద్దాయనా, మీరన్నట్టే ఉంది. వెడల్పు రెక్క పక్కకు తిరిగి ఉంది, క్లిప్పు మాత్రం పట్టి ఉంది. సరిగ్గా పెట్టగానే చెట్ల మీది వెలుగు మాయమైంది. మా ఊరి బడి గోడకు ఆపి, లోడుతోనే ఫోకస్ పెట్టాం. హెడ్ మాస్టర్ సార్ వచ్చి గోడ మీద సుద్ద గీతలు ఏంటని అడిగారు. సంగతి చెబితే తన కారు కూడా తెచ్చి చూపించుకున్నారు, ఆయన కుడి లైటు మా గీత కంటే జానెడు పైనుంది. రాత్రి లోడు వేసి చౌటుప్పల్ దాకా పోయాను, ఒక్కరూ డిప్పర్ కొట్టలేదు.

చివరగా ఒక్కటి అడుగుతా, విసుక్కోకండి. తెల్లవారుజామున తిరిగి వచ్చేటప్పుడు ఎడమ డూమ్ అద్దం లోపల ఆవిరి పట్టి ఉంటోంది. ఎండెక్కాక పోతోంది. సిలికాన్ పెట్టి చుట్టూ మూసేయమని షాపాయన అంటున్నాడు. మూసేయాలా?


పాలమూరు వైరింగ్ షెడ్డు (మహబూబ్‌నగర్):

మూసేయకు. డూమ్ ఊపిరి తీసుకోవాలి. వెనకో కిందో చిన్న గాలి రంధ్రాలు, రబ్బరు పైపు ముక్క లాంటివి ఉంటాయి, వాటినీ కలిపి మూసేస్తే లోపలి తేమ లోపలే ఉండిపోయి లోపలి అద్దం వెండి పూత లేచిపోతుంది. సన్నటి ఆవిరి పట్టి ఎండకు పోతే అది జబ్బు కాదు. నీళ్లు కారి కింద నిలబడితేనే అడుగు, అప్పుడు ముందు అద్దం అతుకు చూద్దాం.

వెనక రబ్బరు బూట్ ఒకసారి చూడు. బల్బు ఇన్నిసార్లు తీసి పెట్టారు కదా, అంచు మడతపడి ఉండొచ్చు. దాని మీద పైకి ఉండాల్సిన వైపుకు గుర్తు ఉంటుంది, ఆ గుర్తు పైకి పెట్టి, అంచు చుట్టూ వేలితో నొక్కుకుంటూ రా. బల్బు మూడు కాళ్లూ రబ్బరు దాటి పూర్తిగా బయటికి కనబడాలి. అప్పుడే హోల్డర్ లోపలిదాకా దిగుతుంది. సగం దిగిన హోల్డర్ వేడెక్కి నల్లబడుతుంది, అది చూసుకో.